వాద్యాల నుంచి దీపాలకు: ఆరుబయటి దీపాల రూపకల్పన

గేటు స్తంభం మీద, తోట దారి పక్కన, పార్కులో, గుడి ప్రాకారం మీద, వంతెనకు, ఊరి కూడలిలో అమర్చే దీపాలకు సంగీత వాద్యాల నుంచి రూపాన్నో, నిర్మాణాన్నో, పనితీరునో తీసుకోవడం రూపకల్పనలో ఒక ధోరణి. వేణువులా రంధ్రాలున్న నిలువు గొట్టం, తాళపు చిప్పను బోర్లించినట్టుండే మూత, మృదంగం మూతలా వెలిగే గుండ్రటి గోడ దీపం ఇందులో చిన్నవి. తీగలు బిగించిన హార్ప్‌లా కనిపించే వంతెనలు, గిటార్ ఆకారంలో కట్టిన హోటల్, అలల నాదం పక్కనే రంగులు మార్చుకునే నేల ఇందులో పెద్దవి.

వాద్యంలో ప్రతి వంపుకూ ఒక కారణం ఉంటుంది. ఆ కారణం నాదానికి సంబంధించింది, వెలుగుకు కాదు. అందుకే వాద్యం బయటి గీతను మాత్రం దించుకున్న దీపం పగలు బొమ్మలా, రాత్రి కళ్లలో పొడిచే బల్బులా మిగిలిపోతుంది. వాద్యం ఎలా పనిచేస్తుందో గమనించి, అందులో వెలుగుకు అక్కరకొచ్చేదాన్ని ఏరుకున్న దీపం పగలూ రాత్రీ కూడా బాగుంటుంది. తీగకు బిగువుంది, మెట్టుకు నీడ ఉంది, చర్మానికి పారదర్శకత ఉంది, గొట్టానికి రంధ్రముంది, గంటకు కిందికి తెరిచిన నోరుంది. దీపానికి కావలసింది ఇవే.

వెలుగును వాయించాలన్న కోరిక

వాద్యానికీ దీపానికీ చుట్టరికం విద్యుత్తు కన్నా పాతది. ఫ్రాన్స్‌కు చెందిన జెసూట్ పండితుడు లూయీ బెర్త్రాన్ కాస్తెల్ 1725లో కంటికి వినిపించే హార్ప్సికార్డ్ ఒకటి చేయవచ్చని ప్రతిపాదించాడు. మీట నొక్కగానే రంగు గాజు ముందున్న చిన్న తెర తొలగాలి, వెనకున్న వెలుగు ఆ రంగులో బయటికి రావాలి. 1870లలో ఫ్రెడరిక్ కాస్ట్నర్ గాజు గొట్టాల్లో గ్యాస్ మంటలు వెలిగించి, ఆ మంటల చేతనే స్వరాలు పలికించే పైరోఫోన్ తయారుచేశాడు. ఒకే వస్తువు వెలిగీ పాడీ చూపిన తొలి వాద్యాల్లో అదొకటి.

వీధి దీపమే వాద్యమైన ఘట్టం మాత్రం లండన్‌ది. 19వ శతాబ్దం చివర్లో వీధుల్లో కార్బన్ ఆర్క్ దీపాలు వెలిగేవి. అవి బుసకొట్టేవి, కీచుమనేవి. ఆ రొద సంగతి తేల్చే పనిలో పడిన ఇంగ్లీషు ఇంజనీరు విలియం డడెల్, ఆర్క్‌కు ఒక తీగచుట్టనూ ఒక కెపాసిటర్‌నూ కలిపితే రొద పోయి ఒకే స్వరం నిలకడగా వస్తుందని 1899 ప్రాంతంలో కనిపెట్టాడు. వాటి విలువలు మారిస్తే స్వరమూ మారింది. దానికి మీటల వరుస తగిలించి, ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ సభ్యుల ముందు బ్రిటిష్ జాతీయగీతం వాయించాడు. అదే సరఫరా మీద ఉన్న వేరే ఆర్క్ దీపాలు కూడా ఆ పాట పలికాయని అప్పట్లో చెప్పుకున్నారు. ఈ సూత్రమే కొద్ది సంవత్సరాల్లో డెన్మార్క్‌కు చెందిన వాల్డెమార్ పౌల్సెన్ చేతిలో రేడియో ట్రాన్స్‌మిటర్ అయింది. దీపాల చరిత్ర రాసేవాళ్లు డడెల్‌ను సాధారణంగా ఒక వాక్యంతో దాటేస్తారు. ఈ వ్యాస విషయానికి మాత్రం ఆయనే అసలైన మూలపురుషుడు. దీపానికి వాద్యం వేషం వేయకుండా, దీపంలోనే ఉన్న నాదాన్ని వెతికి తీశాడు.

రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ తన ప్రొమీథియస్ రచనలో రంగు కాంతి కోసం విడిగా ఒక స్వరపంక్తి రాశాడు. రంగు దీపాలతో అది 1915 మార్చిలో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ప్రదర్శితమైంది. అదే నగరంలో 1922లో థామస్ విల్‌ఫ్రెడ్ క్లావిలక్స్ అనే కాంతి వాద్యంతో కచేరీలు మొదలుపెట్టాడు. ఇవన్నీ హాలు లోపలి సంగతులు. 1980ల మొదట్లో ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్ షైనర్ తయారుచేసిన లేజర్ హార్ప్, కాంతి కిరణాన్నే తీగగా మార్చింది. కిరణానికి చెయ్యి అడ్డుపెడితే స్వరం పలుకుతుంది. ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ దాన్ని వేదికల మీద వాయించి లోకానికి పరిచయం చేశాడు. ఆరుబయట పొగమంచులో నిలువుగా లేచే లేజర్ గీతలను తీగలుగా చూసే అలవాటు ప్రేక్షకులకు అక్కడినుంచే వచ్చింది.

నాదానికి పనికొచ్చే ఆకారం వెలుగుకు ఎందుకు చాలదు

గాలిలో 440 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం సుమారు 78 సెంటీమీటర్లు. పచ్చటి కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. రెండింటి మధ్య తేడా దాదాపు 14 లక్షల రెట్లు. వీణ కుండ, ట్రంపెట్ నోరు, మృదంగం పొట్ట ఇవన్నీ తమ కొలతలతో సరితూగే తరంగాల కోసం చెక్కినవి. కాంతికి ఆ కొలతలు పట్టవు. అది నేరుగా పోతుంది, తగిలినచోట తిరిగి వస్తుంది, లేదా ఇంకిపోతుంది.

ట్రంపెట్ మంచి ఉదాహరణ. దాని నోరు బల్బు చుట్టూ ఉండే రిఫ్లెక్టర్‌లా కనిపిస్తుంది కాబట్టి దీపం చేయడానికి అందరూ ముందు దాన్నే ఎంచుకుంటారు. నిజానికి ట్రంపెట్ నోటి వంపు తక్కువ స్వరాల్లో చాలా భాగాన్ని గొట్టంలోకే వెనక్కి పంపి స్వరాన్ని నిలబెడుతుంది, ఎక్కువ స్వరాలను బయటికి వదులుతుంది. వెలుగును ఒక దిక్కుకు పంపాలంటే కావలసింది పారాబోలా వంపు, దాని నాభి దగ్గర కాంతి మూలం. ట్రంపెట్ నోరు పారాబోలా కాదు. సన్నటి మెడలో ఎల్‌ఈడీ పెడితే వెలుగు గోడలకు పదేపదే తగిలి తగ్గిపోతుంది. బయటికి వచ్చేసరికి నోటి చుట్టూ మెరిసే వలయం, మధ్యలో కళ్లు చెదిరే చుక్క కనిపిస్తాయి. పైగా ఇత్తడి నీలి కాంతిని కొంత తినేసి పసుపును ఎక్కువగా తిప్పి పంపుతుంది. అందువల్ల తెల్లటి ఎల్‌ఈడీ రంగు కూడా మారుతుంది.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ట్రంపెట్‌ను నేలకేసి వేలాడదీసి, ఎల్‌ఈడీని మెడలో కాకుండా నోటి అంచు లోపలి గాడిలో వలయంగా దాచి, కాంతిని లోపలి వంపు మీదికి పంపితే ఆ ఇత్తడి వంపే వెలుగుతుంది. అప్పుడు చూసేవాడికి బల్బు కనిపించదు, లోహం కనిపిస్తుంది. పాత బాకాలు, ట్రాంబోన్లు, సాక్సఫోన్లు తెచ్చి బల్బు గుచ్చి అమ్మే దీపాలు ఆరుబయటకు పనికిరాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. అతుకులు, కవాటాలు, రంధ్రాలు నిండిన వాద్యంలోకి వాన నీరు పోవడానికి వంద దారులుంటాయి, బయటికి రావడానికి ఒక్కటీ ఉండదు. బాగుచేయగలిగిన వాద్యాన్ని కోసి దీపం చేయడం ఎవరూ మెచ్చదగిన పనీ కాదు. ఇక పలకదని తేలిన వాద్యానికే ఆ గతి పట్టించాలి.

తీగలు, మెట్లు

తంత్రీ వాద్యాల నుంచి దీపాల రూపశిల్పులు ఎక్కువగా తీసుకున్నది తీగల వరుసను. వంతెనల ఇంజనీరింగులో కేబుళ్లు ఒకదానికొకటి సమాంతరంగా దిగే అమరికకు హార్ప్ అమరిక అనే పేరుంది. దాన్ని సాంకేతిక పదంగా వదిలేయకుండా నగరానికి గుర్తుగా మలచినవాడు స్పెయిన్ వాస్తుశిల్పి శాంటియాగో కలత్రావా. జెరూసలేంలో 2008లో తెరిచిన ఆయన వంతెనకు 118 మీటర్ల స్తంభం, 66 కేబుళ్లు ఉన్నాయి. దావీదు రాజు హార్ప్‌ను గుర్తుచేసేలా దాన్ని రూపొందించారు. డబ్లిన్‌లో 2009 డిసెంబరులో తెరిచిన సామ్యూల్ బెకెట్ వంతెన వంగిన స్తంభం, 31 కేబుళ్లతో పక్కకు పడుకోబెట్టిన హార్ప్‌లా ఉంటుంది. ఐర్లండ్ జాతీయ చిహ్నం హార్ప్ కాబట్టి ఆ పోలికకు అక్కడ అర్థం ఉంది. రాత్రిపూట కింది నుంచి పాకే వెలుగులో స్తంభమూ తీగలూ మాత్రమే తేలి కనిపిస్తాయి. ఇక్కడ తీగలు నిజంగా బరువు మోస్తున్నాయి. వాద్యంలోని బిగువు వంతెనలోనూ ఉంది, అందుకే ఆ పోలిక బలవంతంగా అనిపించదు. హైదరాబాద్‌లో 2020 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గం చెరువు కేబుల్ వంతెనను వాద్యం పేరు చెప్పి కట్టలేదు. అయినా రంగు దీపాలు వెలిగాక దాన్ని చూసేవాడికి తీగల వరుసే కనిపిస్తుంది.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం హాలీవుడ్ పట్టణంలో 2019 అక్టోబరులో తెరిచిన గిటార్ హోటల్ ఈ ధోరణిలో అతి భారీ ప్రయత్నం. 450 అడుగుల ఎత్తున్న ఆ భవనం వీపుకు వీపు ఆనించి నిలబెట్టిన రెండు గిటార్ల ఆకారంలో ఉంటుంది. గిటార్ మెడను కాంక్రీటుతో కట్టకుండా, పైకప్పు నుంచి ఆకాశంలోకి ఆరు కాంతి పుంజాలను పంపి తీగలుగా చూపిస్తారు. ఆలోచన తెలివైనదే. ఆకాశంలోకి వృథాగా పోయే వెలుగు, వలస పక్షులకు కలిగే ఇబ్బంది సంగతి ఆలోచిస్తే దీన్ని అనుకరించమని ఇతర నగరాలకు చెప్పలేం.

మన వీణ దగ్గరికి వస్తే దీపానికి పనికొచ్చే వివరాలు మరిన్ని దొరుకుతాయి. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వారు పనస చెక్కతో వీణలు చేస్తారు. కుండ, దండి, యాళి తల అంతా ఒకే దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణకు విలువ ఎక్కువ. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దండి మీద 24 మెట్లు. వాటిని మైనపు గట్టు మీద నిలిపి, స్వరం చూసుకుంటూ జరిపి స్థిరపరుస్తారు.

ఈ మెట్ల వరుసే అసలు సిసలు దీపపు అమరిక. మెట్ల మధ్య దూరం ఒకేలా ఉండదు, పైనుంచి కుండ వైపు వచ్చేకొద్దీ దగ్గరవుతుంది. లెక్క కోసం 960 మిల్లీమీటర్ల తీగ పొడవు తీసుకుని, 12 సమాన అర్ధస్వరాల పద్ధతి వేసి చూద్దాం. వీణలో మెట్లను చెవితో సరిచేస్తారు కాబట్టి అసలు కొలతలు దీనికి కాస్త అటూఇటూగా ఉంటాయి. మొదటి మెట్టు పై అంచు నుంచి సుమారు 54 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. 12వ మెట్టు సరిగ్గా సగంలో, అంటే 480 దగ్గర పడుతుంది. 24వ మెట్టు 720 దగ్గర ముగుస్తుంది. చివరి రెండు మెట్ల మధ్య దూరం 14 మిల్లీమీటర్లే. ఇప్పుడు ఈ వరుసను నిలువు గోడ దీపం మీద పలకలుగా అమర్చి, దగ్గరగా ఉన్న మెట్లను పైకి, దూరంగా ఉన్న వాటిని కిందికి పెట్టి, వెనక ఎల్‌ఈడీ పట్టీ అమర్చాలి. కంటి ఎత్తులో పలకలు ఒత్తుగా ఉండి బల్బును దాచేస్తాయి. కిందికి వచ్చేకొద్దీ సందు పెరిగి వెలుగు గడప మీద, ఇంటి మెట్ల మీద పడుతుంది. చూసేవాడికి వీణ గుర్తొస్తుందా లేదా అన్నది రెండో సంగతి. గుర్తొచ్చినవాడికి ఆ దూరాలు సరైనవని కూడా తెలుస్తుంది. వీణ బొమ్మను రేకు మీద లేజర్‌తో కోసి వెనక బల్బు పెట్టే పని కన్నా ఇది ఎంతో మేలు. బయట ఎండకు మైనం నిలవదు కాబట్టి పలకలను గాడి కోసి బిగించాలి.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. తెలుగువారి ఇళ్లలో వాద్యానికి కాలు తగలనివ్వరు. వీణనో మృదంగాన్నో తలపించే దీపాన్ని దారి పక్కన మడమల ఎత్తులో పాతితే చూసినవాళ్ల మనసుకు కష్టం కలుగుతుంది. అలాంటివి గోడ మీద, స్తంభం మీద, చూరు కింద ఉండాలి. నేలమట్టం దీపాలకు తీగల వరుస, రంధ్రాల వరుస లాంటి గుర్తులు చాలు.

పెద్ద వాద్యాన్ని కూడలిలో నిలబెట్టడం వేరే పని. అయోధ్యలో 2022 సెప్టెంబరు 28న ప్రారంభమైన లతా మంగేష్కర్ చౌక్‌లోని వీణ 40 అడుగుల పొడవు, 14 టన్నుల బరువుతో ఉంది. అక్కడ వీణ దీపం కాదు, దీపాలు చూపించే శిల్పం. ఇలాంటి చోట వెలుగు కింది నుంచి ఒక్కచోటే పడితే దండి నీడ కుండ మీద పడి రూపం విరిగిపోతుంది. రెండు మూడు దిక్కుల నుంచి తక్కువ వెలుగు ఇవ్వాలి.

చర్మవాద్యాలు

చర్మం నాదాన్నే కాదు, వెలుగును కూడా పంపుతుంది. ఈ సంగతి తెలుగువారికి తోలుబొమ్మలాట ద్వారా తెలుసు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు మేక చర్మాన్ని పారదర్శకంగా శుభ్రపరిచి, రంగులద్ది, రంధ్రాలు పొడిచి బొమ్మలు చేస్తారు. ఆట తగ్గిపోయిన కాలంలో అదే చర్మంతో లాంప్‌షేడ్లు చేయడం వాళ్లకు బతుకుతెరువయింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ షేడ్లు ఇంట్లోకే. వాన తగిలితే చర్మం సాగి ముడతపడుతుంది, బూజు పడుతుంది. తేమకు బిగువు సడలుతుంది కాబట్టే డప్పును వాయించేముందు మంట దగ్గర కాచుతారు.

ఆరుబయటకు చర్మం వద్దు, చర్మపు గుణం కావాలి. డ్రమ్ములకు 1950లలోనే పాలిస్టర్ పొర వచ్చింది, వానకూ చలికీ బిగువు మారని ఆ పొర తోలు మూతలను చాలాచోట్ల పక్కకు నెట్టింది. దీపానికి దాని బదులు ఎండకు పసుపెక్కని, పాలరంగు పాలీకార్బనేట్ గానీ అక్రిలిక్ గానీ వాడతారు. పాలీకార్బనేట్ దెబ్బకు ఆగుతుంది, అక్రిలిక్ ఎండకు ఎక్కువ కాలం తెల్లగా ఉంటుంది. పిల్లలు బంతాట ఆడే వీధిలో మొదటిది, ఎత్తయిన గోడకు రెండోది మంచిది.

మృదంగం కుడి మూత మధ్య ఉండే నల్లటి గుండ్రటి పూతలో ఒక పాఠం ఉంది. వాద్యంలో అది స్వరానికి స్పష్టత ఇస్తుంది. గోడ దీపంలో సరిగ్గా అదే స్థానంలో వెలుగు పోనివ్వని బిళ్ల పెడితే, వెనకున్న ఎల్‌ఈడీ చుక్క దాని చాటుకు పోతుంది, చుట్టూ మెత్తటి వలయం మిగులుతుంది. బిళ్ల తగినంత వెడల్పుగా ఉంటే పక్క నుంచి చూసినా బల్బు కనిపించదు. మూతను లాగిపట్టే తోలు వార్లను స్టీలు తీగలుగా మార్చి, పెట్టె రెండు ముఖాలనూ వాటితోనే బిగించవచ్చు. అప్పుడు ఆ తీగలు అలంకారంగా మిగలకుండా రబ్బరు గ్యాస్కెట్‌ను నొక్కిపట్టే పని చేస్తాయి. వాద్యంలో వార్లు చేసే పని కూడా లాగిపట్టడమే.

జపాన్‌లోని కనజావా రైల్వే స్టేషను ముందు 2005లో నిలిపిన త్సుజుమి ద్వారం చర్మవాద్యాన్ని నగర స్థాయిలో వాడుకున్న తీరుకు నిదర్శనం. త్సుజుమి అంటే నోహ్ నాటకంలో వాయించే, నడుము సన్నగా ఉండే చేతి డ్రమ్ము, మన డమరుకానికి దూరపు బంధువులా ఉంటుంది. 13.7 మీటర్ల ఎత్తున్న ఆ చెక్క ద్వారపు స్తంభాలు ఆ డ్రమ్ము తాళ్లలా మెలితిరిగి ఉంటాయి. రాత్రి వెలుగు ఆ మెలికల సందుల్లోంచి పైకి పాకుతుంది. డ్రమ్ము ఆకారాన్ని మక్కీకి మక్కీ దించకుండా తాళ్ల మెలికను మాత్రమే తీసుకోవడం దాని ఘనత. నోహ్ సంప్రదాయం బలంగా ఉన్న ఊరు కాబట్టి ఆ డ్రమ్మును అక్కడివాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

గొట్టాలు, గంటలు

వేణువు నుంచి వచ్చిన తోట దీపాలు మార్కెట్లో విరివిగా దొరుకుతాయి. మీటరు లోపు ఎత్తున్న గొట్టం, దానికి రంధ్రాలు, లోపల ఎల్‌ఈడీ. చాలావాటిలో రంధ్రాలు నలువైపులా ఉండి, నడిచేవాడి కళ్లలోకే వెలుగు కొడతాయి. వేణువుకు రంధ్రాలు ఒకే వరుసలో ఒకే వైపు ఉంటాయి. దీపానికీ అదే సరైన పద్ధతి. రంధ్రాలను దారి వైపు మాత్రమే పెట్టి, గొట్టపు మందంలో పైనుంచి కిందికి వాలుగా తొలిస్తే వెలుగు నేల మీదికే దిగుతుంది. కర్ణాటక సంగీతపు వేణువుకు ఊదే రంధ్రం కాక వేళ్లకు ఎనిమిది రంధ్రాలు. దీపానికి ఆ సంఖ్య అక్కరలేదు గానీ, ఊదే రంధ్రానికీ వేళ్ల రంధ్రాలకూ మధ్య ఉండే ఎడం ఉంచితేనే అది వేణువనిపిస్తుంది, లేకపోతే చిల్లుల గొట్టం.

రంధ్రాల దీపం మనకు కొత్త కాదు. కార్తీక మాసంలో శివాలయాల్లో ధ్వజస్తంభానికి ఎత్తే ఆకాశదీపం చిల్లులున్న లోహపు పాత్రే. చిల్లులు గాలిని అడ్డుకుని మంటను కాపాడుతూ వెలుగును బయటికి వదులుతాయి. ఆరుబయటి దీపానికి ఉండాల్సిన లక్షణాలు అందులో అన్నీ ఉన్నాయి.

గొట్టాలతో గాలి సంగీతాన్నీ వెలుగునూ ఒకచోట కలిపిన పెద్ద పని బ్రిటన్ కళాకారుడు లూక్ జెరమ్ 2011లో చేసిన ఏయోలస్. లోపల నునుపు పెట్టిన 310 స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల కమాను అది. గాలికి తీగలు కంపించి గొట్టాలు మూలుగుతాయి. కమాను కింద నిలబడి చూస్తే ప్రతి గొట్టమూ ఆకాశపు వెలుగును లోపలి గోడల మీదుగా కిందికి తెచ్చి పోస్తుంది. విద్యుత్తు లేకుండానే దీపమైన వాద్యం ఇది.

ఇళ్ల ముంగిట వేలాడే గాలి గంటలకు సోలార్ దీపాలు చేర్చి అమ్ముతున్నారు. వాటిలో సాధారణంగా ఏదో ఒకటే సరిగ్గా ఉంటుంది, మోతో వెలుగో. రెండూ కుదరాలంటే గొట్టాన్ని చివర కాకుండా, పొడవులో 22.4 శాతం దగ్గర వేలాడదీయాలి. స్వేచ్ఛగా కంపించే గొట్టంలో ఆ చోటు కదలదు. 900 మిల్లీమీటర్ల గొట్టానికి అది పైనుంచి సుమారు 202 మిల్లీమీటర్లు. వైరును కూడా ఆ రంధ్రం గుండానే పోనిస్తే నాదం చావదు. గొట్టాన్ని సగానికి కోస్తే స్వరం రెండు స్థాయులు పైకి పోతుంది, ఎందుకంటే కంపన సంఖ్య పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. ఎల్‌ఈడీని గొట్టాలకు అతికించకుండా పైనున్న మూతలో పెట్టి కిందికి వెలిగిస్తే, ఊగే గొట్టాల నీడలు నేల మీద కదులుతాయి.

గంటకు మాత్రం మార్పే అక్కరలేదు. కిందికి తెరిచిన నోరు, పైన మూసిన నెత్తి, పక్కలకు దిగిన అంచు ఉన్న గంట పుట్టుకతోనే మంచి ఆరుబయటి దీపం. బల్బును అంచుకు పైన పెడితే ఆకాశంలోకి ఒక్క కిరణమూ పోదు, వాన లోపలికి రాదు. సన్నాయి కింది భాగం, బోర్లించిన తాళపు చిప్ప కూడా ఈ కోవలోవే. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి పోతపోసేవాళ్లు, జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బెత్తు పనిచేసేవాళ్లు ఈ రకం దీపానికి కావలసిన చేతిపనిని ఇప్పటికే ఎరుగుదురు.

లోహం, వాన, ఉప్పు గాలి

వాద్యాల ఇత్తడి సాధారణంగా 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. తాళాలకు వాడే మంచి కంచు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. సముద్రం ఒడ్డున ఈ తేడా పెద్దది. జింకు ఎక్కువున్న ఇత్తడి ఉప్పు గాలికి జింకును పోగొట్టుకుని గుల్లబారుతుంది, కంచు పచ్చటి పొర కప్పుకుని నిలుస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో ఈ దీపాలు చేయించేవాళ్లు కంచుకే మొగ్గు చూపాలి, లేదా మందపాటి పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం వాడాలి. ఇత్తడికీ అల్యూమినియానికీ నేరుగా తాకిడి ఉంటే తడిలో అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యన నైలాన్ వాషర్ తప్పనిసరి. మెరుపు పోకుండా వేసే లక్క పూత ఎండకు రెండు మూడేళ్లలో పొక్కులు లేస్తుంది. పూత లేకుండా రంగు మారనివ్వడమే అందం.

వాన తగిలే గోడ దీపానికి ఐపీ 65, నేలలో పాతేదానికి ఐపీ 67 రక్షణ స్థాయి ఉండాలి. మొదటిది దుమ్మునూ నీటి ధారనూ ఆపుతుంది, రెండోది మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా తట్టుకుంటుంది. వాద్యాల్లాంటి బోలు ఆకారాల్లో రాత్రి చల్లబడ్డ గాలి తేమను లోపలికి లాగుతుంది. అందుకే ఎల్‌ఈడీ ఉన్న చిన్న గదిని మాత్రం మూసి, గాలి పోయే నీరు పోని పొర ఉన్న బిరడా పెట్టాలి. మిగతా బోలుకు అడుగున నీరు కారే రంధ్రం వదలాలి. చెక్క కుండలో మూసిన ఎల్‌ఈడీ వేడికి త్వరగా మసకబారుతుంది. దాన్ని లోహపు పట్టీ మీద బిగించి ఆ వేడిని బయటికి పంపాలి. చేతికందే ఎత్తులో 12 లేదా 24 వోల్టుల సరఫరా, మీటర్ దగ్గర కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండటం ప్రాణరక్షణ. మనదేశంలో దీపాల పరికరాలకు ఐఎస్ 10322 ప్రమాణం వర్తిస్తుంది. చేతిపనివాళ్లు చేసిన తొడుగులో, ఆ ప్రమాణం ప్రకారం పరీక్షించిన దీపపు యూనిట్‌ను కూర్చడం అన్నిటికన్నా తేలిక దారి.

మోగే వెలుగులు

క్రొయేషియాలోని జాదర్ తీరంలో వాస్తుశిల్పి నికోలా బాషిచ్ 2005లో సముద్ర ఆర్గాన్ కట్టాడు. 70 మీటర్ల పొడవున్న రాతి మెట్ల కింద 35 గొట్టాలున్నాయి. అల వచ్చి గాలిని నెట్టినప్పుడల్లా అవి పలుకుతాయి. 2008లో దాని పక్కనే ఆయన సూర్యుడికి వందనం పేరుతో 22 మీటర్ల వ్యాసమున్న గాజు వలయాన్ని నేలలో పరిచాడు. 300 గాజు పలకల కింద సోలార్ ఘటాలు పగలంతా కరెంటు పోగుచేస్తాయి, రాత్రి అలల కదలికతో రంగులు మారతాయి. వాద్యమూ దీపమూ ఒకే సముద్రం మాట వింటాయి. వాద్యం రూపం ఎక్కడా కంటికి కనిపించని ఈ పనిని ఈ రంగంలో అగ్రస్థానంలో నిలపాలి.

మాంట్రియల్‌లో 2011లో వెలసిన 21 సంగీత ఉయ్యాలలు మరో మేలు ఉదాహరణ. ఒక్కో ఉయ్యాల ఊగితే ఒక్కో స్వరం వస్తుంది. నలుగురూ కలిసి ఊగితేనే బాణీ పూర్తవుతుంది. రాత్రి అవి వెలుగుతాయి. 2015–16 శీతాకాలంలో అదే నగరంలో 30 వెలిగే తూగుడు బల్లలు వచ్చాయి. ఇళ్ల మధ్య ఇలాంటివి పెట్టేటప్పుడు రాత్రి పది తర్వాత నాదం ఆగి వెలుగు మాత్రం మిగిలే ఏర్పాటు ఉండాలి.

చీకటికి ఇవ్వవలసిన చోటు

1988 నుంచి చీకటి ఆకాశం కోసం పనిచేస్తున్న డార్క్‌స్కై సంస్థ ఆరుబయటి వెలుగుకు చెప్పే నియమాలు కొద్దే. అవసరమైన చోటే వెలిగించాలి, కిందికే వెలిగించాలి, తక్కువగా, కావలసినంత సేపే, వెచ్చటి రంగులో. 3000 కెల్విన్‌కు మించని పసుపు వెలుగు పురుగులనూ తక్కువగా పిలుస్తుంది. మన వానాకాలపు ఉసుళ్ల బెడద తెలిసినవాళ్లకు ఈ సలహా విలువ వేరే చెప్పక్కర్లేదు. వాద్య రూప దీపాల్లో ఎక్కువభాగం ఈ నియమాల్లో రెండోదాన్నే తప్పుతాయి. రూపం నలుగురికీ కనిపించాలన్న ఆత్రంతో అన్ని వైపులకూ వెలుగు చిమ్ముతాయి.

తెలుగు ఊళ్లలో కూడళ్లకూ పార్కులకూ వాద్యాల దీపాలు చేయించే పని ఎక్కువగా రేకు కోసే వర్క్‌షాపులకే పోతోంది. వాద్యం చేసేవాళ్లను పిలిచి సలహా అడిగే అలవాటు ఇంకా రాలేదు. ఆర్కిటెక్టులూ మున్సిపల్ ఇంజనీర్లూ టెండరు రాయడానికి ముందే గొల్లపల్లికో బుడితికో పెంబర్తికో నిమ్మలకుంటకో వెళ్లాలి. ఆ చేతిపనివాళ్లను రూపకల్పన దశ నుంచే జీతమిచ్చి కూర్చోబెట్టుకోవాలి. ఒక నమూనా చేయించి, అమావాస్య రాత్రి ఒకసారి, జోరువానలో ఒకసారి వెలిగించి చూశాకే మిగతా వాటికి ఆర్డరు పెట్టాలి.